జంట ఇరుసుల కారవాన్ చక్రపు తాళం

జంట ఇరుసుల కారవాన్ చక్రపు తాళం అనగా, కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే నాలుగు చక్రాల నివాస బండిని దొంగలు లాగుకొనిపోకుండా, దాని చక్రాలను తిరగనీయక బంధించే సాధనం. బ్రిటన్‌లో ఇటువంటి తాళాల వాడుక ఎక్కువ. ఒకే ఇరుసు గల బండికి సాధారణంగా ఒక తాళం చాలును. రెండు ఇరుసులు గల బండికి రెండు తాళాలు అవసరమవుతాయి. వీటిలో మొదటి తాళం బిగించుట సులభం, రెండవదానిని బిగించుట కష్టం. ఈ కష్టం తాళంలోని లోపం వలన కలిగేది కాదు; రెండు చక్రాలు ఒకదానితో మరొకటి సంబంధం లేకుండా తిరుగుట వలన కలిగేది. ఆ కారణాన్ని గ్రహించి పనిని సరియైన వరుసలో చేసినచో రెండవ తాళం కూడా కొద్ది నిమిషాలలో అమరుతుంది.

నేపథ్యం

విహారయాత్రల కొరకు ప్రత్యేకంగా నిర్మించిన తొలి కారవాన్‌గా, 1885లో విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండు వైద్యుడు, రచయిత చేయించుకొన్న 'ది వాండరర్' అనే గుర్రపు బండిని పేర్కొంటారు. దీనిని బ్రిస్టల్ నగరంలోని రైలుపెట్టెల కర్మాగారం తయారు చేసినది. 1907లో బ్రిటన్‌లో కారవాన్ క్లబ్ ఏర్పడినది. కారుతో లాగే కారవాన్లను అమ్మకానికి తయారు చేయుట మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1919లో, ఎక్లెస్ అనే సంస్థతో మొదలైనది.

కాలక్రమంలో ఈ బండ్లు పెద్దవయ్యాయి. మంచాలు, వంటగది, స్నానపు గది, నీటి తొట్టి మొదలైనవన్నీ చేరిన కొలదీ బరువు పెరిగినది. ఒక ఇరుసు మోయలేని బరువును పంచుటకు, బండి నడిమి భాగంలో దగ్గర దగ్గరగా రెండు ఇరుసులను అమర్చుట వాడుకలోనికి వచ్చినది. వీటినే జంట ఇరుసుల బండ్లు అంటారు. ప్రతి ప్రక్కన ముందొకటి, వెనుకొకటిగా రెండేసి చక్రాలు ఉండును. ఇటువంటి బండి రోడ్డుపై నిలకడగా నడుస్తుంది; ఒక టైరు పగిలినా వెంటనే ఒరిగిపోదు. అయితే మలుపులలో టైర్లు నేలపై ప్రక్కకు రాచుకుంటాయి, చేతితో త్రోయుట కూడా కష్టం.

వాహనాల చక్రాలను బంధించే సాధనాలలో ప్రసిద్ధమైనది పోలీసులు వాడే చక్రపు బంధనం. దీనిని అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన ఫ్రాంక్ మరగ్ రూపొందించాడు. ఆయన వృత్తిరీత్యా వాయులీన విద్వాంసుడు. డెన్వర్ పోలీసులు 1955 జనవరిలో దీనిని వాడుట ప్రారంభించారు. 1958లో దానికి పేటెంటు లభించినది. బంధించేది చక్రమే అయినా, కారవాన్ తాళం దీనికి భిన్నమైనది. దీనిని బిగించేది బండి యజమానియే. అందువలన బిగించుట, తీయుట తేలికగా ఉండవలెను. దొంగకు మాత్రం కష్టంగా ఉండవలెను.

తాళం అవసరం

కారవాన్‌కు స్వంత ఇంజను లేదు. కనుక తాళంచెవితో ఇంజనును ఆపివేసే రక్షణ దానికి వర్తించదు. తగిన లంకెగుండు గల ఏ కారైనా దానిని లాగగలదు. పైగా బ్రిటన్‌లో సాధారణ కారవాన్లకు కార్ల వలె ప్రత్యేకమైన ప్రభుత్వ నమోదు సంఖ్య ఉండదు. లాగే కారు సంఖ్యనే బండి వెనుక తగిలిస్తారు. ఈ కారణంగా దొంగిలించిన బండిని దారిలో గుర్తుపట్టుట కష్టం.

ఈ లోటును తీర్చుటకు 1992లో అక్కడ కారవాన్ల గుర్తింపు పథకం ఒకటి ప్రారంభమైనది. దీనిని సంక్షిప్తంగా 'క్రిస్' అంటారు. దీని క్రింద ప్రతి బండికి 17 అక్షరాలు, అంకెలతో కూడిన గుర్తింపు సంఖ్య ఇచ్చి, దానిని కిటికీ అద్దాలపై చెక్కుతారు. అయితే ఇది పోయిన బండిని గుర్తించుటకు ఉపకరిస్తుంది కాని, పోకుండా ఆపలేదు. ఆపే పని తాళాలదే.

కారవాన్‌కు వేసే తాళాలు ప్రధానంగా మూడు విధాలు. మొదటిది లంకెకు వేసే తాళం. ఇది బండిని కారుకు తగిలించనీయదు. రెండవది చక్రానికి బయటినుండి పట్టువేసే బంధనం. మూడవది చక్రం గుండా లోపలికి పోయి బండి భాగానికే బిగిసే తాళం. ఈ మూడవ రకంలో బాగా వాడుకలో ఉన్నది, 1931లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో అలోయిస్ కోబర్ స్థాపించిన అల్‌కో సంస్థ తయారు చేసే తాళం. ఈ వ్యాసంలో ముఖ్యంగా ఈ మూడవ రకపు తాళాన్ని గురించియే వివరింపబడినది.

నిర్మాణం

ఈ తాళంలో మూడు భాగాలు ఉంటాయి.

1. గ్రాహకం: చక్రం వెనుక, చక్రంతో పాటు తిరగని భాగానికి శాశ్వతంగా బిగించిన ఉక్కు గూడు. దీనిలో మరలు తీసిన రంధ్రం ఉండును. తాళం లేనపుడు మట్టి చేరకుండా దీనికి ఒక మూత పెడతారు.
2. పలక: చక్రపు రెండు ఆకుల మధ్యనున్న సందులో సరిగా ఇమిడే ఉక్కు పలక. చక్రం ఆకారాన్ని బట్టి పలక ఆకారం మారుతుంది. కనుక ఒక నమూనా చక్రానికి చేసిన పలక మరొక నమూనాకు సరిపోదు.
3. తాళపు బోల్టు: పలక గుండా పోయి గ్రాహకంలోని మరలకు బిగిసే బోల్టు. దీని తలలో తాళంచెవి పట్టే భాగం ఉండును.

చక్రపు నడిమి నుండి అంచు వరకు సాగే పట్టీలను మన ఎడ్లబండి చక్రాల విషయంలో ఆకులు అంటారు. కార్ల విషయంలో స్పోకులు అనుట వాడుక. పలక రెండు ఆకుల మధ్య ఇమిడి, బోల్టు వెనుకనున్న గ్రాహకానికి బిగిసిన తరువాత చక్రం తిరుగదు. పలక తీయనిదే చక్రాన్ని ఊడదీయుట కూడా సాధ్యం కాదు.

పై నిర్మాణం నుండి ఒక నియమం ఏర్పడుతున్నది. రెండు ఆకుల నడిమి సందు సరిగా గ్రాహకానికి ఎదురుగా వచ్చినపుడే తాళం పడుతుంది. ఆకు అడ్డు వచ్చినచో పడదు. ఈ ఎదురుపాటునే ఇకపై 'సూటి' అని వ్యవహరిద్దాం.

రెండు తాళాల ఆవశ్యకత

జంట ఇరుసుల బండిలో ఒకే ప్రక్కన రెండు చక్రాలు ఉండును. వాటిలో ఒకదానికి మాత్రమే తాళం వేసినచో, ఆ చక్రాన్ని నేలనుండి పైకెత్తి, రెండవ చక్రం మీద బండిని లాగుటకు అవకాశం మిగులుతుంది. ఒక ఇరుసు బండికి ఈ అవకాశం లేదు. అందువలన జంట ఇరుసుల బండికి ఇరుసుకొకటి చొప్పున రెండు తాళాలు వేయుట మేలు. అనేక బీమా పాలసీలలో కూడా ఈ విషయమై నిబంధన ఉండును.

రెండవ తాళం పట్టక విసిగి, ఒక్క తాళంతోనే సరిపెట్టుకొనుట కొందరికి పరిపాటి. ఇది ప్రమాదకరం. పెట్టెలో ఉండిపోయిన తాళం బండిని కాపాడదు. బీమా సొమ్ము కోరినపుడు అండగానూ నిలవదు.

చిక్కు ఎక్కడ ఉన్నది

ఒక చక్రానికి సూటి కుదుర్చుట కష్టమైన పని కాదు. ఉదాహరణకు 185/65 ఆర్ 14 కొలత గల టైరును తీసుకొందాం. దీని రిమ్ము వ్యాసం 14 అంగుళాలు, అనగా 355.6 మి.మీ. టైరు ప్రక్కగోడ ఎత్తు 185లో 65 శాతం, అనగా 120 మి.మీ. పైన ఒకటి, క్రింద ఒకటి కలిపినచో మొత్తం వ్యాసం సుమారు 596 మి.మీ. అగును. చుట్టుకొలత సుమారు 1,870 మి.మీ. చక్రానికి సమదూరంలో ఐదు ఆకులు ఉన్నచో ఐదు సందులు ఉండును. అనగా బండి 1,870ని 5చే భాగించగా వచ్చే 374 మి.మీ. నడిచినపుడెల్లా ఒక సందు గ్రాహకానికి ఎదురుగా వస్తుంది. బండి ఎక్కడ ఆగినప్పటికీ, ముందుకో వెనుకకో 187 మి.మీ.కు మించి జరుపకుండానే సూటి దొరుకుతుంది. ఇది జానెడు దూరం కంటె కొంచెమే తక్కువ.

కాని అదే స్థానంలో రెండవ చక్రానికి కూడా సూటి కుదురవలెనన్న నియమం ఏమియూ లేదు. ముందు చక్రం సూటిగా ఉన్నపుడు వెనుక చక్రపు ఆకు గ్రాహకానికి అడ్డుగా ఉండవచ్చును. బండిని జరిపి వెనుకదానిని సరిచేసినచో ముందుది తప్పిపోతుంది. రెండు చక్రాలు ఒకే నేలపై, ఒకే దూరం దొర్లుతున్నందున, జరుపుట వలన వాటి మధ్యనున్న తేడా మారదు. బండిని ఎన్నిసార్లు ముందుకు వెనుకకు జరిపినా ఫలితం ఉండదన్నమాట. ఈ విషయం తెలియక గంటల తరబడి బండిని జరుపుతూ శ్రమపడేవారు కలరు.

మరి ఒకసారి రెండు చక్రాల సూటి కలిపి ఉంచుకొన్నచో ఎల్లప్పుడూ అట్లే ఉండదా అన్న సందేహం కలుగవచ్చును. ఉండదు. దీనికి రెండు కారణాలు ఉన్నవి.

మొదటిది, రెండు టైర్లు ఎన్నడూ అచ్చంగా సమానంగా ఉండవు. అరుగుదలలో, గాలిలో, మోసే బరువులో స్వల్ప భేదం ఉంటుంది. పై టైరు వ్యాసార్థం 298 మి.మీ. ముందు చక్రం వ్యాసార్థం 298, వెనుక చక్రానిది 297 మి.మీ. అనుకొందాం. అనగా భేదం 1 మి.మీ. మాత్రమే. ముందు చక్రం ఒక చుట్టు తిరిగేలోపు వెనుక చక్రం ఒక చుట్టు కంటె సుమారు 1.2 డిగ్రీలు అధికంగా తిరుగుతుంది. ముప్పది చుట్లకు ఈ భేదం 36 డిగ్రీలవుతుంది. అనగా సందు ఉండవలసిన చోటికి ఆకు వస్తుంది. ముప్పది చుట్లంటే దాదాపు 56 మీటర్ల ప్రయాణం మాత్రమే. ఇల్లు విడిచి వీధి చివరకు చేరేలోపే కుదిరిన సూటి పూర్తిగా తప్పిపోగలదు.

రెండవది, మలుపు తిరిగేటప్పుడు ముందు, వెనుక చక్రాలు ఒకే బాటలో నడువవు. టైర్లు కొంత దొర్లుతాయి, కొంత రాచుకుంటాయి. ఈ రాపిడిలో కూడా సూటి మారిపోతుంది.

కనుక ప్రతి మజిలీలోను సూటిని క్రొత్తగా కుదుర్చుకొనక తప్పదు. నేలపై దొర్లించి ఒక చక్రాన్ని మాత్రమే కుదుర్చగలము. రెండవదానిని నేలనుండి ఎత్తి, విడిగా త్రిప్పవలెను. సులభోపాయాలన్నింటికి మూలం ఇదే.

బిగించే క్రమం

ఏ చక్రాన్ని దొర్లించి కుదుర్చవలెను, ఏ చక్రాన్ని ఎత్తి త్రిప్పవలెను అన్నది జాకీ తగిలించే స్థానాన్ని బట్టి నిర్ణయించుకొనవలెను. జాకీ స్థానం వెనుక ఇరుసుకు వెనుకగా ఉన్న బండ్లలో వెనుక చక్రమే ముందుగా నేలను విడుస్తుంది. అటువంటి బండ్లలో ముందు చక్రాన్ని దొర్లించి, వెనుక చక్రాన్ని ఎత్తి కుదుర్చుట తేలిక. ఈ క్రింది క్రమం అట్టి బండికి వర్తిస్తుంది.

1. చదునైన, గట్టి నేలపై బండిని నిలుపవలెను. ప్రక్కవాటు సరిచేయుటకు దిమ్మెలు వాడవలసి ఉన్నచో తాళాల పనికి ముందే ఆ ప్రక్కనున్న రెండు చక్రాల క్రింద పెట్టవలెను. తాళం వేసిన తరువాత బండిని దిమ్మెపైకి ఎక్కించలేము.
2. కారు విప్పరాదు. ఒకరు కారు నడుపుతుండగా మరొకరు ముందు చక్రాన్ని గమనిస్తూ, సందు గ్రాహకానికి ఎదురుగా రాగానే ఆపుమని చెప్పవలెను. చివరి కదలిక ముందు దిశలో ఉండుట మంచిది.
3. కారు హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచవలెను. బండి హ్యాండ్ బ్రేకు కూడా వేయవలెను.
4. ముందు చక్రానికి పలకను, బోల్టును అమర్చి పూర్తిగా బిగించవలెను.
5. బండికి రెండవ ప్రక్కనున్న చక్రాలకు ముందు, వెనుక అడ్డుదిమ్మెలు గట్టిగా పెట్టవలెను. మూలలలోని ఆనుకాళ్ళు పైకి మడచి ఉండవలెను.
6. ఇప్పుడు బండి హ్యాండ్ బ్రేకు విడువవలెను. ఇది వేసి ఉన్నచో ఎత్తిన చక్రం తిరుగదు. ఈ దశలో బండిని పట్టి ఉంచేవి కారు, అడ్డుదిమ్మెలు, అప్పటికే వేసిన మొదటి తాళం. అందుకే 3, 4, 5 అంశాలలో దేనిని వదలినా ఈ పని చేయరాదు.
7. తయారీదారు నిర్దేశించిన స్థానంలో జాకీ పెట్టి, వెనుక టైరు నేలను కొద్దిగా వదిలేవరకు మాత్రమే ఎత్తవలెను. టైరు క్రింద ఒక అట్టముక్క స్వేచ్ఛగా కదిలినచో అది చాలును.
8. బండి ప్రక్కన నిలిచి లేక కూర్చుండి, టైరును బయటి అంచు పట్టుకొని ముందుకు నడిచే దిశలో మెల్లగా త్రిప్పవలెను. ఐదు ఆకుల చక్రానికి 72 డిగ్రీల లోపే సూటి దొరుకుతుంది.
9. పలకను అమర్చి బోల్టును చేతితో కొన్ని మరలు పట్టించవలెను.
10. జాకీని మెల్లగా దించవలెను. టైరు నేలపై ఆనిన తరువాత బోల్టును పూర్తిగా బిగించి తాళం వేయవలెను.
11. బండి హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తరువాతనే కారు విప్పుట, ఆనుకాళ్ళు దించుట చేయవలెను.

తొమ్మిదవ, పదవ అంశాల వరుసకు ఒక కారణం ఉన్నది. ఈ బండ్లలో చక్రం ఒక చిన్న చేతికి అమర్చి ఉండును. ఆ చేయి రబ్బరు ఒత్తిడి గల ఇరుసు గొట్టం నుండి వెనుకకు సాగి ఉంటుంది. బండిని ఎత్తినపుడు చేయి క్రిందికి వాలుతుంది, దించినపుడు మళ్ళీ పైకి లేస్తుంది. ఈ కదలికలో సూటి కొద్దిగా తప్పవచ్చును. కనుక గాలిలో సూటి చూసుకొని, దించిన తరువాత పలక పెట్టుదమనుకొన్నచో ఒక్కొక్కసారి పలక పట్టదు. ముందే మరలు పట్టించినచో ఈ ఇబ్బంది కలుగదు. అవసరానికి మించి ఎత్తకూడదనుటకు కూడా ఇది ఒక కారణం.

పనిని తేలికపరచే ఏర్పాట్లు

సూటి గుర్తులు: గ్రాహకం చక్రం వెనుక ఉండుట వలన నిలబడినవారికి కనిపించదు. ప్రతిసారి నేలపై వంగి చూడవలసి వస్తుంది. దీనికి బదులు, ఒకసారి తాళం సరిగా అమరినపుడు, చక్రపు గూటి అంచుపై ఒక చిన్న తెల్లటి పట్టీ అంటించి, దానికి ఎదురుగా టైరు ప్రక్కగోడపై సుద్దముక్కతో గీత గీయవలెను. ఐదు ఆకుల చక్రానికి సమదూరంలో మరి నాలుగు గీతలు కలపవలెను. తరువాత ఏ గీత పట్టీకి ఎదురుగా వచ్చినా సూటి కుదిరినట్లే. దూరం నుండే ఇది కనిపిస్తుంది కనుక కారు నడిపేవారికి సైగ చేయుట సులభం.

మూవర్: టైరుకు రోలరును ఆనించి, విద్యుత్తుతో బండిని మెల్లగా జరిపే పరికరాన్ని మూవర్ అంటారు. చేతిలోని రిమోట్‌తో బండిని కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుపవచ్చును కనుక మొదటి చక్రపు సూటికి ఇది మిక్కిలి అనుకూలం. అయితే రోలరు టైరుకు ఆని ఉన్నంతవరకు ఆ చక్రం చేతితో తిరుగదు. కనుక రెండవ చక్రాన్ని ఎత్తునపుడు దాని రోలరును వెనుకకు తీయవలెను.

శుభ్రత: సూటి సరిగా ఉన్నా బోల్టు పట్టకపోవుటకు తరచు కారణం మట్టియే. గ్రాహకపు మూతను ప్రయాణంలో తప్పక పెట్టవలెను. మరలను అప్పుడప్పుడు బ్రష్షుతో తుడిచి పలుచగా గ్రీజు పూయవలెను. తాళంచెవి దూరే రంధ్రంలో మాత్రం గ్రీజు వేయరాదు, దుమ్ము పట్టుకుంటుంది. గ్రాఫైటు పొడి వంటి పొడి కందెన వాడవలెను.

గుర్తింపు: ముందు, వెనుక చక్రాల పలకలు, బోల్టులు విడివిడి తాళంచెవులు కలవి అయినచో వాటిపై 1, 2 అని అంకెలు వేసుకొనుట వలన చీకటిలో తారుమారు కావు. మోకాళ్ళ క్రింద వేసుకొనుటకు ఒక దళసరి గుడ్డ, తలకు తగిలించుకొనే దీపం కూడా తాళాల సంచిలోనే ఉంచుకొనవలెను.

ఇతర పద్ధతులు, వాటి పరిమితులు

చక్రాన్ని ఊడదీసి మరొక రంధ్రానికి మార్చి బిగించుట: హ్యాండ్ బ్రేకు విడువనవసరం లేకుండా సూటి మార్చుటకు కొందరు ఈ ఉపాయం చెబుతారు. దీనిలో ఒక గణిత సూక్ష్మం ఉన్నది. చక్రానికి ఐదు బోల్టులు, ఐదు ఆకులు ఉన్నచో, ఒక బోల్టు స్థానం మార్చుట అనగా 72 డిగ్రీలు మార్చుట. ఆకుల దూరం కూడా 72 డిగ్రీలే. కనుక ఒక ఆకు పోయిన చోటికి మరొక ఆకు వస్తుంది; ప్రయోజనం శూన్యం. ఆకులు ఏడు, బోల్టులు ఐదు అయినచో మాత్రం ఐదు వేర్వేరు స్థానాలు లభిస్తాయి, వాటి మధ్య దూరం సుమారు 10 డిగ్రీలు. అప్పుడు ఉపాయం కొంత పనిచేస్తుంది. అయినప్పటికీ చక్రపు బోల్టులను ప్రతిసారి తయారీదారు చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించవలసి ఉండును, కొంత దూరం నడిపిన తరువాత మరల పరీక్షింపవలెను. ఒక తాళం కొరకు చక్రపు బిగువునే సందేహంలో పడవేయుట తెలివైన పని కాదు.

ఒక చక్రాన్ని వాలుదిమ్మెపైకి ఎక్కించుట: జంట ఇరుసుల బండిలో ఒక చక్రాన్ని ఎత్తైన దిమ్మెపైకి నడిపినచో దాని జత చక్రం గాలిలో నిలుస్తుంది. పగిలిన టైరు మార్చుటకు ఇది ప్రసిద్ధమైన పద్ధతి. తాళం పనికి మాత్రం అంత అనుకూలం కాదు. తాళాలు రెండూ వేసిన తరువాత బండి దిమ్మెపైనే ఉండిపోవలసి వస్తుంది. ఆ ప్రక్క బరువంతా ఒకే టైరుపై, ఒకే ఇరుసుపై పడుతుంది. దిమ్మె దిగిన తరువాత వేయుదమన్నచో, దిగేటప్పుడు దొర్లిన చక్రపు సూటి తప్పుతుంది.

రెండవ చక్రానికి బయటి బంధనం వాడుట: పలక తాళం ఒకదానికి, బయటినుండి పట్టే బంధనం రెండవదానికి వేసినచో సూటి సమస్య చాలవరకు తీరుతుంది. అయితే బీమా పాలసీ రెండింటికీ ఫలానా రకపు తాళమే ఉండవలెనని కోరినచో ఇది చెల్లదు. ముందుగా వ్రాతపూర్వకంగా అడిగి తెలుసుకొనుట శ్రేయస్కరం.

జాగ్రత్తలు

జంట ఇరుసుల బండి బరువు తరచు ఒకటిన్నర టన్నులకు మించి ఉండును. జాకీ జారినచో కలిగే హాని, బండి దొంగతనం వలన కలిగే నష్టం కంటె ఎంతో ఘోరమైనది. కావున ఈ క్రింది విషయాలు మరువరాదు.

* జాకీపై ఉన్న బండి క్రింద తల గాని, చేయి గాని, కాలు గాని పెట్టరాదు. పలకను బయటినుండే అమర్చవలెను.
* బండిలో మనుషులు ఉండగా ఎత్తరాదు. పిల్లలను దూరంగా ఉంచవలెను.
* మూలలలోని ఆనుకాళ్ళు బండి ఊగకుండా ఆపుటకే కాని, బండిని ఎత్తుటకు కాదు. వాటితో ఎత్తినచో అవి వంగిపోవును.
* బండి అడుగు పలకల క్రింద జాకీ పెట్టరాదు. అవి బరువు మోయలేవు.
* మెత్తటి నేలపై జాకీ క్రింద వెడల్పైన చెక్కపలక వేయవలెను. వాలుగా ఉన్న చోట రెండవ చక్రాన్ని ఎత్తే పని పెట్టుకొనరాదు.
* ఒంటరిగా ఉన్నపుడు, వర్షంలో, చీకటిలో తొందరపడుట కంటె, ఆ రాత్రికి ఒక చక్రపు తాళం, లంకె తాళం వేసి తెల్లవారిన తరువాత రెండవది బిగించుట మేలు.

తాళం తీయుట

తీయుటకు జాకీ అవసరం సాధారణంగా రాదు. బండి కొద్దిగా కదిలి పలక ఆకుకు ఒరుసుకొన్నచో బోల్టు బిగిసిపోవచ్చును. అప్పుడు కారు తగిలించి, బండిని అటో ఇటో అతి స్వల్పంగా కదిపి ఒత్తిడి తీసివేసినచో బోల్టు తేలికగా వస్తుంది. సుత్తితో కొట్టరాదు.

తాళం తీయకుండానే కారు కదిలించుట మరొక ప్రమాదం. పలక, చక్రం, గ్రాహకం మూడూ దెబ్బతింటాయి. రెండు తాళాలు ఉన్నపుడు ఒకటి తీసి మరొకటి మరచుటకు అవకాశం ఎక్కువ. దీనికి సులభమైన నివారణ ఏమనగా, తాళాలు వేసినపుడు ఖాళీ సంచిని బండి లంకెకే వ్రేలాడదీయుట. బయలుదేరేముందు సంచిలో రెండు పలకలు, రెండు బోల్టులు చేరినవో లేదో లెక్క చూసుకొన్న తరువాతనే దానిని కారులో పెట్టవలెను.

బీమా

బ్రిటన్‌లో తాళాల గట్టితనాన్ని పరీక్షించి శ్రేణులు నిర్ణయించే సంస్థలలో 1992లో ఏర్పడిన 'సోల్డ్ సెక్యూర్' ముఖ్యమైనది. బీమా సంస్థలు తాము అంగీకరించే తాళాల విషయంలో ఇటువంటి శ్రేణులను పరిగణిస్తాయి. జంట ఇరుసుల బండి యజమాని తన పాలసీలో మూడు అంశాలు చూసుకొనవలెను: తాళాలు ఎన్ని ఉండవలెను, ఏ రకానివి ఉండవలెను, ఎప్పుడెప్పుడు వేసి ఉండవలెను. మూడవది మిక్కిలి ముఖ్యం. ఇంటి ముంగిట నిలిపినపుడు మాత్రమే కాక, విడిదిలో కారు విప్పిన ప్రతిసారి తాళాలు వేయవలెనని పాలసీలో ఉండవచ్చును. తాళాల అసలు తాళంచెవులను, కొనుగోలు రసీదును బండిలో కాక ఇంటిలో భద్రపరచుకొనవలెను.

భారతదేశంలో

భారతదేశంలో కారవాన్ అన్న పదం ఎక్కువగా స్వంత ఇంజను గల విహార వాహనాలకే వాడబడుతున్నది. కేరళ ప్రభుత్వం 2021లో ప్రకటించిన కారవాన్ పర్యాటక విధానం ఈ పదాన్ని ప్రచారంలోనికి తెచ్చినది. స్వంత ఇంజను గల వాహనానికి స్టీరింగు తాళం, ఇంజను తాళం ఉండును కనుక పైన చెప్పిన సమస్య వాటికి ఈ రూపంలో ఎదురుకాదు. అయితే దగ్గర దగ్గరగా రెండు ఇరుసులు గల ఏ లాగుడు బండికైనా, చక్రపు ఆకుల గుండా తాళం వేయవలసి వచ్చినపుడు ఇదే సూత్రం వర్తిస్తుంది: మొదటి చక్రాన్ని దొర్లించి కుదుర్చవలెను, రెండవ చక్రాన్ని ఎత్తి కుదుర్చవలెను.